నటన కాదమ్మా, ఫోన్ ఒక్కటే కూడా కాదు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. బాబుకి పదిలో 600కి 574 వచ్చాయి. జూన్‌లో విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్చారు. ఆగస్టులో పై సెక్షన్ నుంచి తీసి కింది సెక్షన్‌లో వేశారు. దసరాకి ఇంటికొచ్చి తెల్లవార్లూ ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, పగలంతా పడుకున్నాడు, చెల్లెలి మీద కస్సుబుస్సులాడాడు. తిరిగి వెళ్లాక మూడుసార్లు కడుపునొప్పి అన్నాడు, స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. పోయిన ఆదివారం ఫోన్లో "వచ్చేస్తానమ్మా" అని ఏడ్చాడు. వాళ్ల నాన్నగారేమో "లక్షన్నర కట్టాం, నాలుగు రోజులు పోతే అలవాటు పడతాడు, అంతా ఆ ఫోన్ చేసిన పని" అంటున్నారు. ఇది బెంగా, నటనా, ఫోన్ పిచ్చా అని మీ ప్రశ్న.

నటన కాదు. ఫోన్ ఒక్కటే కాదు. బెంగతో మొదలై ఇప్పుడు బెంగని దాటిపోతోందేమోనని నా అనుమానం. ఈ శనివారం వెళ్లండి. వచ్చే నెల పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగొద్దు.

నేనెవరో కూడా చెప్పాలి. పద్నాలుగేళ్లు ఇలాంటి కాలేజీల్లోనే కెమిస్ట్రీ చెప్పాను, మూడేళ్లు హాస్టల్లో ఫ్లోర్ ఇన్‌చార్జిగా పడుకున్నాను. తర్వాత సైకాలజీ చదివి, పదకొండేళ్లుగా ఈ వయసు పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తున్నాను. డాక్టర్ని కాదు. మందులు కావాలో అక్కర్లేదో నేను చెప్పను. కానీ ఆ హాస్టల్ లోపల రోజు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. అది తెలియకుండా బాబుకి ఏమైందో అర్థం కాదు.

ముందు సెక్షన్ మార్పు గురించి. మీరు ఒక్క వాక్యంలో రాసేశారు, నాకు మాత్రం ఉత్తరమంతా అక్కడే ఉంది. బయటివాళ్లకి అది క్లాసు మారడం. లోపలివాళ్లకి మంచం, రూము, మెస్‌లో పక్కన కూర్చునేవాడు, డౌట్ అడిగే సారు, అన్నీ ఒక్క రాత్రిలో మారిపోవడం. మా దగ్గర పదిహేను రోజులకో పరీక్ష పెట్టేవాళ్లు. లిస్టు సోమవారం పొద్దున మెస్ గోడకి అంటించేవాళ్లు, ఇడ్లీ ప్లేటు చేతిలో ఉండగానే చూసుకునేవాళ్లు పిల్లలు. ఆ రాత్రి స్టడీ అవర్ అయ్యాక సామాను మోత.

ఒక కుర్రాడు నాకు బాగా గుర్తు. మూడో అంతస్తు నుంచి కిందికి దిగుతున్నాడు. పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు. ఇంకో చేతిలో బకెట్, బకెట్లో పుస్తకాలు, పైన సబ్బుపెట్టె. పైనున్న పిల్లలంతా పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తున్నారు, ఒక్కడూ సాయం రాలేదు. వస్తే వాళ్లకీ ఆ నామోషీ అంటుకుంటుందన్నట్టు. మెట్ల మీద బకెట్ చెవి ఊడిపోయింది. నేను పుస్తకాలు ఏరి ఇస్తూ "కసిగా చదివి మళ్లీ పైకి రారా" అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను. వాడు పైకి రాలేదు, అసలు డౌట్లు అడగడమే మానేశాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కనిపించాడు. బకెట్ చెవి ఊడిన సంగతి గుర్తుంది వాడికి. నేనన్న మాట గుర్తులేదు. "ఆ రూములో రాత్రిళ్లు మేం నలుగురం కబుర్లు చెప్పుకునేవాళ్లం సార్, కింద ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు" అన్నాడు.

పదిహేను పదహారేళ్ల వయసులో స్నేహితులు ఉండటం సరదా కోసం కాదు. అమ్మానాన్నల కొంగు వదిలి తానెవరో తేల్చుకునే వయసు అది. నలుగురిలో తన చోటేదో తెలియడం ఆ వయసుకి అన్నం లాంటిది. మార్కుల పేరుతో ప్రతి పక్షానికీ ఆ చోటుని ఊడబెరికితే, ఊళ్లో ఫస్టు వచ్చిన పిల్లాడు కూడా ఆర్నెల్లలో "నేను వేస్ట్" అనేస్తాడు. మీ వాడి బడిలో 574 అంటే హీరో. అక్కడ ప్రతి బెంచీకీ ఇద్దరు 574లు.

ఇది నా సొంత అభిప్రాయమేమీ కాదు. మన దగ్గర 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు, 2017లో చక్రపాణి కమిటీ వేశారు, రెండూ ఇలాంటి కాలేజీల్లో పిల్లల చావుల మీదే. 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు కూడా మన విశాఖపట్నం కేసులోనే వచ్చింది. నీట్ కోచింగ్ కోసం వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోతే, ఆ తండ్రి పోరాడిన కేసు అది. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని, 100 మంది గానీ అంతకు మించి గానీ పిల్లలుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని కోర్టు చెప్పింది. చట్టం వచ్చేదాకా ఇవే పాటించాలని కూడా చెప్పింది. మీరు వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌ని మర్యాదగానే అడగండి: "మీ కౌన్సెలర్ ఎవరండీ, మా బాబు ఒకసారి మాట్లాడాలి" అని. మార్కెటింగ్ చూసే పీఆర్వోని తీసుకొచ్చి చూపిస్తే మీకే అర్థమవుతుంది.

ఇక నిద్ర. తల్లిదండ్రులు తిండి గురించి వంద అడుగుతారు, నిద్ర గురించి ఎవరూ అడగరు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. మా హాస్టల్లో పొద్దున ఐదింటికి బెల్లు, రాత్రి పదిన్నరకి లైట్లు ఆపడం. దోమలు, పక్కవాడి దగ్గు పోను ఐదున్నర గంటలు దక్కితే గొప్ప. పైగా ఈ వయసులో నిద్ర రప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఒకటి రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి పడుకోమన్నా నిద్ర పట్టదు, ఐదింటికి లేపితే బుర్ర లేవదు. "తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుంది" అని మా నాన్న నన్నూ లేపేవాడు. ఆయన ఎనిమిదింటికే పడుకునేవాడు మరి! చదివింది గుర్తుండిపోయేలా మెదడు సర్దుకునేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. నిద్రలేమి రెండు మూడు నెలలు సాగితే చిరాకు, ఏడుపు, కడుపులో తిప్పడం, చిన్నమాటకే రోషం, అన్నీ వస్తాయి. దసరాకి పగలంతా పడుకున్నాడంటే అందులో సగం పాత బాకీ తీర్చుకోవడమే.

ఆటల గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. ఈ వయసు పిల్లలు రోజుకి కనీసం గంట ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అపార్ట్‌మెంట్‌నే కాలేజీ చేసినచోట గ్రౌండ్ ఎక్కడిది? మీ వాడి క్యాంపస్‌లో ఉంటే, దానికి తాళం ఉందో లేదో చూసి రండి.

ఫోన్ సంగతికొస్తే, వాళ్ల నాన్నగారి మాటలో నిజం లేకపోలేదు. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూస్తే ఎవరి నిద్రయినా చెడుతుంది. కానీ మూడు నెలలు ఫోన్ ముట్టకుండా ఉన్నవాడు పది రోజులు వదలకుండా చూశాడంటే ఏం చూశాడో అడిగారా? నా దగ్గరికొచ్చిన పిల్లలు ఎక్కువగా చెప్పేది ఇదే: పదో తరగతి గ్రూపులో పాత స్నేహితులు పెట్టినవి ఒక్కొక్కటీ వెనక్కి వెళ్లి చూసుకోవడం. డే స్కాలర్‌గా చేరినవాళ్లు సినిమాకెళ్లిన ఫొటోలు, ఎవరిదో బర్త్‌డే, తాను లేని క్రికెట్ మ్యాచ్. తాను లేకపోయినా అంతా బాగానే నడుస్తోందని కళ్లారా చూడటం పుండు మీద కారమే. ఫోన్ లాక్కుంటే ఆ పుండు మానదు. రాత్రి పదింటికి ఫోన్లన్నీ హాల్లో ఒకచోట పెట్టేయాలని ఇంటిల్లిపాదికీ ఒకే రూలు పెట్టండి, నాన్నగారి ఫోన్‌తో సహా. పగలు మాత్రం ఆ స్నేహితుల్ని ఇంటికి పిలవండి, ఇన్ని పకోడీలు వేసి పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. కాలేజీ మీ చేతిలో లేదు, నిద్ర బెల్లు మీ చేతిలో లేదు. వారానికొక్కసారి వచ్చే ఆ ఫోన్ మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది.

అది ఎలా ఉంటుందో నేను పక్కన కుర్చీలో కూర్చుని చూసినవాణ్ని. ఆఫీసు గదిలో ఒక ఫోన్, ముందు క్యూ. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. వెనకున్నవాడి మోచెయ్యి వీపుకి తగులుతూ ఉంటుంది. ఎదురుగా వార్డెన్ ఏదో రాసుకుంటున్నట్టు ఉంటాడు కానీ చెవి ఇటే. అంటే "ఇక్కడ బాలేదమ్మా" అనే మాట వాడు ఎవరి ముందు అనాలో చూడండి. అటునుంచి అమ్మ మొదటి మాట "తిన్నావా?" రెండోది "ఎంతొచ్చింది?" మూడోది "పక్కింటి వాళ్లబ్బాయికి ఎంతొచ్చిందట?" నాలుగోది నాన్న ఫోన్ తీసుకుని "మేం ఇంత కష్టపడేది ఎవరికోసంరా". పిల్లాడు "ఊఁ" అంటాడు. ఫోన్ పెట్టేసి క్యూ దాటి, నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి మొహం కడుక్కుంటాడు. వంద మందిని చూసుంటాను.

"నీకోసమే ఇదంతా" అనే మాట మనం ప్రేమతోనే అంటాం. పిల్లలకి అది అప్పుపత్రంలా వినిపిస్తుంది. ఒక కుర్రాడు రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో ఏడాది ఫీజుని ఆ ఏడాది రాసే పరీక్షల సంఖ్యతో భాగించి, ఒక్కో పరీక్ష నాన్నకి ఎంత ఖర్చో లెక్క కట్టి పెట్టుకున్నాడు. పరీక్ష చెడినప్పుడల్లా ఆ అంకె కింద ఒక గీత. అప్పటికి పంతొమ్మిది గీతలు. వాళ్ల నాన్నకి చూపిస్తే మిర్చి యార్డులో పనిచేసే ఆ మనిషి నోట మాట రాలేదు. ఆయన కోపిష్టి కాదు, అప్పు భయం ఉన్న మనిషి. మీవారు కూడా అలాంటివారే అయ్యుంటారని మీ రాతను బట్టి అనిపిస్తోంది. ఆయన్ని తప్పుపట్టి ఈ పని చేయలేరు, వెంట తీసుకెళ్లండి.

వచ్చే ఆదివారం నుంచి మార్కులు అడగొద్దు. వాడంతట వాడు చెబితే వినండి, "సర్లే నాన్నా" అని ఊరుకోండి. ఇంటి సంగతులు చెప్పండి. గేదె ఈనిందనో, కరెంటు మీటరు మార్చారనో, చెల్లెలు సైకిల్ మీంచి పడిందనో. "నీ పక్క మంచం ఎవరిది? వాడిదేవూరు?" అని అడగండి. దానికి జవాబు లేకపోతే అది మీకు ర్యాంకు కంటే పెద్ద కబురు. వార్డెన్ ముందు చెప్పలేని మాటకి ఒక గుర్తు మాట పెట్టుకోండి. ఒకావిడ కొడుకుతో "ఆవకాయ అయిపోయింది అంటే నేను వచ్చేస్తాను" అని ఒప్పందం చేసుకుంది. రెండేళ్లలో వాడు ఒక్కసారే అన్నాడట. ఆవిడ ఆ రాత్రే బస్సెక్కింది.

బెంగకీ జబ్బుకీ తేడా ఎలా తెలుస్తుందంటారా. మన భాషలో బెంగ అనే మంచి మాట ఉంది. ఇల్లు విడిచిన ఏ పిల్లాడికైనా అది వస్తుంది, మామూలుగా నెలా నెలన్నరలో సర్దుకుంటుంది. స్నేహితుడొకడు దొరికితే ఇంకా తొందరగా. డిప్రెషన్ అలా కాదు. రెండు వారాలకు మించి, దాదాపు రోజంతా, ఇష్టమైనవాటి మీద కూడా ఆశ చచ్చిపోయి ఉంటుంది. క్రికెట్ స్కోరు కూడా అడగడు. తిండి, నిద్ర బాగా తగ్గడమో పెరగడమో జరుగుతుంది. ఈ వయసులో ఏడుపు కంటే చిరాకు, కోపం ఎక్కువ కనిపిస్తాయి, అందుకే పెద్దవాళ్లు "పొగరు" అనుకుంటారు. కడుపునొప్పి, తలనొప్పి రూపంలో కూడా వస్తుంది, ఆ నొప్పి అబద్ధం కాదు. ఇదేదో అరుదైన సంగతీ కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు 2015–16లో చేసిన జాతీయ సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అరవై మంది సెక్షన్ అంటే నలుగురు.

కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లని నేను ముందు ఫిజీషియన్ దగ్గరికి పంపి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపిస్తాను. ఆడపిల్లలున్న తల్లులు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెబుతున్నా: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హాస్టల్ బాత్రూములకి భయపడి నీళ్లు తాగడం మానేసే పిల్లలు వీటికి అదనం. "బద్ధకం, చదువు మీద ధ్యాస లేదు" అని తిట్లు తిన్న పిల్లల్లో రక్తమే లేనివాళ్లని ఎంతమందిని చూశానో.

ఒక ప్రశ్న మాత్రం మీరు తప్పక అడగాలి, ఎదురుగా కూర్చుని, ఒంటరిగా ఉన్నప్పుడు. "నాన్నా, ఒక్కోసారి చచ్చిపోతే బాగుండనిపిస్తోందా? అనిపిస్తే చెప్పు, నేను కోప్పడను." అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు. పుట్టదు. లోపల నలుగుతున్నవాడికి, అమ్మ ఆ మాట పలకగలిగిందంటే గుండె బరువు దిగుతుంది. "అవును" అన్నా, జవాబు చెప్పకుండా తల వంచుకున్నా, ఆ రోజు వాణ్ని అక్కడ వదలొద్దు. సంతకం పెట్టి ఇంటికి తీసుకొచ్చేయండి, ఒంటరిగా ఉంచొద్దు, మర్నాడే సైకియాట్రిస్టుకి చూపించండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, మీకు గుంటూరు, విజయవాడ రెండూ దగ్గరే. అర్ధరాత్రయినా సరే 14416కి ఫోన్ చేయొచ్చు. అది కేంద్రం 2022 అక్టోబర్‌లో పెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. "పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లారని తెలిస్తే రేపు సంబంధాలు రావు" అని చుట్టాలు అంటారు. అన్నవాళ్ల ఇళ్లల్లో ఎంతమంది నిద్రమాత్రలు వేసుకుంటున్నారో నాకు తెలుసు, సర్లెండి.

మాన్పించాలా వద్దా అని ఇప్పుడే తేల్చొద్దు. నా లెక్క ఇదీ. ముందు వారం పది రోజులు ఇంటికి తెచ్చుకోండి. నాలుగు రోజులు కడుపునిండా తిని, కంటినిండా పడుకున్నాక వాడే మాట్లాడతాడు. వెళ్తానంటే, పాత రూము స్నేహితుల్లో ఒకరితో ఉంచమని అడిగి పంపండి. వెళ్లనని గట్టిగా అంటే మీ ఊళ్లోనే డే స్కాలర్‌గా చదివించండి. బోర్డుకి హాజరు 75 శాతం ఉండాలి, కొంత తగ్గితే ఆ లోటు మన్నించేందుకు కండొనేషన్ ఫీజు కట్టే వీలుంది. బోర్డు పరీక్ష పోతే సప్లిమెంటరీ ఉంది. "ఏడాది పోతుంది" అనే భయంతో మనం ఎన్ని తప్పులు చేస్తామో చెప్పలేను. ఆ మార్కుల కాగితమైనా బ్రహ్మ రాసింది కాదు కదా. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు ఎంత గందరగోళమయ్యాయో మీరూ చూశారు. ఫెయిలైనవాళ్ల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ మధ్యలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలతో మిగల్లేదు. కట్టిన లక్షన్నరలో ఎంత తిరిగొస్తుందో నాకు నమ్మకం లేదు, మిగతా టర్మ్ కట్టకుండా ఆగొచ్చేమో మాట్లాడి చూడండి.

వెళ్లే ముందు శుక్రవారమే వార్డెన్‌కి ఫోన్ చేసి ఔటింగ్ లెటర్ సంగతి తేల్చుకోండి, లేదంటే గేటు దగ్గర రెండు గంటలు నిలబెడతారు. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా దింపమంటారు. "పొట్ట బాలేదు, డాక్టరుకి చూపించాలి" అని ఆ వారం పది రోజుల సెలవు అడగండి, అది అబద్ధం కూడా కాదు. వాణ్ని చూడగానే సన్నబడ్డావనో నల్లబడ్డావనో అనొద్దు. బండెక్కాక ఓ గంట ఏమీ అడగొద్దు, కిటికీ పక్కన కూర్చోనివ్వండి. వెళ్లొచ్చాక వాడేమన్నాడో రాయండి, ఆ వారం రోజూ రాత్రి చూస్తుంటాను.